నెల్లూరులో చదివే పాప హాజరు మెసేజీలు మా ఫోన్‌కి రావడం లేదు, ఎవరిని అడగాలి?

ఉదయగిరి నాన్న:

అందరికీ నమస్కారం. మాది ఉదయగిరి పక్కన పల్లె. పాప నెల్లూరులో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది తనే మొదలు. ఈ పద్ధతులు నాకు తెలీవు, తప్పుగా అడిగితే ఏమనుకోవద్దు.

మొన్న ఆదివారం పాపని చూడ్డానికి పోయినా. గేటు కాడ ఇంకో అమ్మాయి వాళ్ళ నాన్న కలిసి, "మీ పాప హాజరు ఎట్టుందన్నా? మాకు రోజూ సాయంత్రం మెసేజీ వస్తా ఉంది" అన్నాడు. మాకు చేర్పించిన్నాటి నుంచి ఒక్కటంటే ఒక్కటి రాలేదు. పాపని అడిగితే అప్పుడు చెప్పింది, 68 శాతం ఉందని. దసరా తర్వాత విషజ్వరం తగిలి పదిహేను రోజులు ఇంటి కాడే ఉండింది. ఆత్మకూరులో చూపించాం. జ్వరం తగ్గీ తగ్గకుండానే పోయి మొదటి మిడ్ రాసింది, ముప్పైకి పన్నెండే వచ్చినాయంట. ఇదంతా నాకు తెలిస్తే బాధపడతానని చెప్పలేదు. గట్టిగా అడిగితే ఏడుస్తా ఉంది.

మెసేజీ మాకెందుకు రాదు? 68 ఉంటే పరీక్ష రాయనిస్తారా? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోద్దా? నేను కాలేజీకి పోయి ఎవర్ని కలవాల? పెద్దసారుని కలిస్తే పాప మీద ఏమైనా కోపం పెట్టుకుంటారేమోనని మా ఆడమనిషి భయపడతా ఉంది.

కందుకూరు అమ్మ:

అన్నా, ముందు ఒక్క మాట చెప్పండి. అడ్మిషన్ ఫారం మీరే నింపారా, ఎవరైనా నింపిచ్చారా?

ఎందుకంటే మా అబ్బాయికి సరిగ్గా ఇదే జరిగింది. మాకు సీటు విషయంలో సాయం చేస్తానని ఒకాయన వచ్చి, ఫారాలన్నీ తనే నింపి, తల్లిదండ్రుల ఫోన్ నంబరు అని ఉన్న చోట తన నంబరు రాసేశాడు. అప్పుడు మాకు తట్టలేదు, సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాం. ఆరు నెలలు మా అబ్బాయి హాజరు, మార్కులు, ఫీజు గడువు, అన్నీ ఆయన ఫోన్‌కే పోయాయి. ఆయన చూసి వదిలేశాడు. కాలేజీ వాళ్ళు మాత్రం "మేము పంపిస్తూనే ఉన్నాం కదమ్మా" అన్నారు. వాళ్ళ మాటా నిజమే.

ఆఫీసులో రికార్డు తీయించి చూడండి. "మెసేజీ రావట్లేదు" అంటే "వస్తుందిలే" అంటారు. "మా పాప రికార్డులో ఏ నంబరు ఉందో చదివి చెప్పండి" అని అడగండి. వేరే నంబరు ఉంటే, ప్రిన్సిపాల్ గారి పేరు మీద ఒక అర్జీ, మీ ఆధార్ నకలు, పాప ఐడీ కార్డు నకలు ఇచ్చి మార్చమనండి. అర్జీ రెండు కాపీలు రాసి ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. నాకు ముద్ర లేని మొదటి అర్జీ ఎటుపోయిందో ఇప్పటికీ తెలియదు.

హాస్టల్ రిజిస్టరు వేరు. బస్సులో వచ్చే పిల్లలైతే ఆ జాబితా వేరు. ఒక చోట మార్చినంత మాత్రాన ఇంకో చోట మారదు.

ఒంగోలు మాష్టారు:

నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెబుతాను, ఇరవై మంది పిల్లల హాజరు, మార్కులు చూసుకునే మెంటార్‌ని కూడా. నాన్నగారూ, 68 అంటే కంగారు పడాల్సిన అంకే కానీ చేయి దాటిపోయిన అంకె కాదు.

నెల్లూరు ఇంజనీరింగ్ కాలేజీలు అనంతపురం జేఎన్‌టీయూ (సాంకేతిక విశ్వవిద్యాలయం) కిందికి వస్తాయి, మా ఒంగోలు వైపువి కాకినాడ జేఎన్‌టీయూ కిందికి. హాజరు దగ్గర రెండు చోట్లా లెక్క ఒకటే. సెమిస్టర్ మొత్తానికి అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే, అనారోగ్యం లాంటి సరైన కారణానికి కాగితాలు చూపించి, రుసుము కట్టి, కండోనేషన్, అంటే తగ్గిన హాజరుకు మినహాయింపు, అడగవచ్చు. అది కాలేజీ కమిటీ ఇష్టం మీద ఇచ్చేది, మన హక్కుగా వచ్చేది కాదు. 65 కంటే తగ్గితే డిటెయిన్ చేస్తారు. అప్పుడు ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు, మళ్ళీ ఆ సెమిస్టర్ జరిగేటప్పుడు చేరి చదవాలి. మీ కాలేజీ అటానమస్, అంటే సొంత నిబంధనలు పెట్టుకునేది, అయితే వాళ్ళ రెగ్యులేషన్స్ పుస్తకం ఒకసారి అడిగి చూడండి, చిన్న తేడాలు ఉండవచ్చు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇప్పటిదాకా 250 పీరియడ్లు జరిగాయనుకోండి. పాప 170 విన్నది, అదే 68 శాతం. ఇంకా 100 మిగిలాయనుకుంటే, అన్నీ వింటే 350కి 270, అంటే 77 శాతం దాటుతుంది. పది పోగొట్టుకుంటే 260, శాతం 74.3. గట్టెక్కాలంటే ఆ వందలో ఏడుకు మించి పోకూడదు. మా దగ్గర రోజుకు ఆరేడు పీరియడ్లు ఉంటాయి. అంటే పాప చేతిలో ఉన్నది ఒక్క రోజు సెలవు. అసలు అంకెలు మెంటార్ దగ్గర ఉంటాయి, అవి తీసుకుని మీరే ఇలా కాగితం మీద వేసి పాప ముందు పెట్టండి. తిట్టడం కంటే ఇది బాగా పని చేస్తుంది. కార్తీకంలో పెళ్ళిళ్ళకు రమ్మని మాత్రం ఈసారికి పిలవకండి. ప్రతి ఏడూ నా దగ్గర ఇద్దరు ముగ్గురు పిల్లలు రెండు పెళ్ళిళ్ళు, ఒక గృహప్రవేశంతోనే 75 కిందికి జారతారు.

జ్వరం కాగితాలు ఉన్నాయా? ఆత్మకూరులో ఇచ్చిన ఓపీ చీటీ, రక్తపరీక్ష రిపోర్టు, మందుల బిల్లులు, అన్నీ జిరాక్స్ తీసి ఒక అర్జీతో ఈ వారమే ఇచ్చేయండి. సెమిస్టర్ చివర్లో తెచ్చే మెడికల్ సర్టిఫికెట్‌ను ఏ కమిటీ అయినా అనుమానంగానే చూస్తుంది. జ్వరం తగ్గి రాగానే ఇచ్చినదానికి ఉండే బరువు దానికి ఉండదు.

మొదటి మిడ్ గురించి కూడా బెంగ వద్దు. రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం కలిపి ఇంటర్నల్ మార్కు వేస్తారు. పన్నెండు వచ్చిన పాప రెండో మిడ్‌లో ఇరవై ఐదు తెచ్చుకుంటే 20, 2.4 కలిపి 22.4 అవుతుంది. ఈ సంగతి చాలామంది మొదటి సంవత్సరం పిల్లలకు తెలియదు. ఒక మిడ్ పోగానే సబ్జెక్టే పోయిందనుకుని రెండోది కూడా వదిలేస్తారు.

ఎవరిని కలవాలి అన్నారు. ముందు మెంటార్, తర్వాత విభాగాధిపతి. నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళినా మళ్ళీ మా దగ్గరికే పంపుతారు. తల్లిదండ్రులు వచ్చి అడిగితే పిల్లల మీద కోపం పెట్టుకునే టీచర్‌ని నేను చూడలేదు. నాన్న ఒకసారి వచ్చి వెళ్ళిన పిల్ల పేరు మాకు గుర్తుండిపోతుంది, క్లాసులో కనపడకపోతే ఆ రోజే అడుగుతాం.

ఆత్మకూరు సచివాలయం:

నేను సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుడిగా చేస్తున్నా. ఫీజు సంగతి నేను చెప్తానన్నా.

రీయింబర్స్‌మెంట్‌కి కూడా 75 శాతం హాజరు నిబంధన ఉంది. కాబట్టి మాష్టారు చెప్పిన లెక్క మీకు రెండు విధాలా అవసరం. ఇంతకుముందు ఆ డబ్బు తల్లుల ఖాతాలో పడేది, వాళ్ళు తీసి కాలేజీకి కట్టేవాళ్ళు. 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీ ఖాతాకే జమ చేసే పద్ధతి పెట్టారు. అయినా ఊళ్ళో ఇప్పటికీ "అమ్మ ఖాతాలో పడలేదు, మాకు ఆగిపోయింది" అని వచ్చేవాళ్ళు ఉన్నారు. ఆగిందో లేదో ఖాతా చూస్తే తెలీదు. జ్ఞానభూమి అనే ప్రభుత్వ వెబ్‌సైటులో పాప దరఖాస్తు ఏ దశలో ఉందో చూడాల. పాప ఆధార్ పట్టుకుని మీ ఊరి సచివాలయానికి పోతే చూసి చెప్తారు.

తల్లి ఖాతాకో విద్యార్థి ఖాతాకో రావాల్సిన డబ్బు వేరే ఏదైనా ఉంటే, అది ఆధార్‌కి చివరగా లింకైన బ్యాంకుకే పోతుంది. మీరు పాస్‌బుక్ ఇచ్చిన బ్యాంకు ఒకటి, లింకైంది ఇంకొకటి అయితే డబ్బు వచ్చినా మీకు తెలీదు. బ్యాంకులో ఎన్‌పీసీఐ లింకు, అంటే ఆధార్ ఏ ఖాతాకి కలిసి ఉందో ఆ లింకు, ఎక్కడుందో అడగండి, రెండు నిమిషాల పని.

కందుకూరు అక్క చెప్పినదాంట్లో నాకు ఎక్కువ భయం వేసింది ఇంకొకటి. దరఖాస్తులో మధ్యవర్తి నంబరు ఉంటే ఓటీపీలు కూడా ఆయనకే పోతాయి. అక్కడ కూడా నంబరు మార్పించండి. "స్కాలర్‌షిప్ వచ్చింది, ఓటీపీ చెప్పండి" అని ఎవరు ఫోన్ చేసినా చెప్పొద్దు. పొరపాటున చెప్పి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాల.

కావలి అమ్మ:

హాజరు గురించి పెద్దలు చెప్పారు, నేను పాప గురించి చెప్తాను అన్నా. మా పెద్దమ్మాయి నాలుగేళ్ళు హాస్టల్లో ఉండి చదివింది, ఇప్పుడు చిన్నది చేరింది.

"నాన్న బాధపడతాడని చెప్పలేదు" అన్న ముక్క చదివి నాకు నిద్ర పట్టలేదు. మా పెద్దది కూడా ఇట్టాగే రెండు నెలలు అన్నం సరిగా తినకుండా, ఫోన్లో మాత్రం "బాగున్నానమ్మా" అని చెప్పింది. నేను రోజూ అడిగేది "తిన్నావా, చదివావా" రెండే. ఆ రెంటికీ అవునంటే ఫోన్ పెట్టేసేదాన్ని. తర్వాత అడగడం మార్చాను. ఈ రోజు మెస్సులో ఏం పెట్టారు, పక్క మంచం అమ్మాయి ఏ ఊరు, ఏ క్లాసు విసుగేసింది, ఇట్టా అడిగితే మాటలో మాట బయటికి వచ్చేది. ఇంట్లో చేసిన చేపల పులుసు గురించి చెప్తే చాలు, అరగంట మాట్లాడేది.

పాపకి మనసు బాగాలేదనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ర్యాగింగ్ లాంటిది ఏమైనా ఉంటే 1800-180-5522. చేరేటప్పుడు ర్యాగింగ్ చేయనని పాపతో, తల్లిదండ్రులుగా మీతో హామీపత్రం తీసుకుని ఉంటారు, ఆ కాగితం మీద కూడా ఎవరి నంబరు పడిందో చూసుకోండి.

ఇంకొకటి, ఈ నెలల్లో వానలు. 2021 నవంబర్‌లో పెన్నకి వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద బండ్లు ఆగిపోయినాయి. అప్పుడు మా పెద్దమ్మాయి నెల్లూరు హాస్టల్లో, నేను కావలిలో. గంటన్నర ప్రయాణం, అయినా చేరే దారి లేదు. గ్రూపుల్లో "హాస్టల్ ఖాళీ చేయిస్తున్నారు" అని తిరిగింది, అది అబద్ధం. నిజం తెలిసింది వార్డెన్ మేడమ్‌కి ఫోన్ చేస్తేనే. వార్డెన్ నంబరు ఫోన్‌లోనే కాదు, గోడ మీద క్యాలెండర్‌లో కూడా రాసి పెట్టుకోండి. సెలవు ఇచ్చారంటే కలెక్టర్ గారి ప్రకటనో కాలేజీ సర్క్యులరో చూసే పాపని బయల్దేరమనండి. అసలే ఒక్క రోజు సెలవే మిగిలుంది కదా.

వచ్చేటప్పుడు బస్సు చార్జీ గురించి ఆలోచించొద్దు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. ఆధార్ కార్డు హాస్టల్ పెట్టెలో కాకుండా పర్సులో పెట్టుకోమనండి.

ఉదయగిరి నాన్న:

అందరికీ చేతులెత్తి మొక్కతా ఉన్నా. నిన్న పొద్దున్నే ఫస్టు బస్సుకి పోయి వచ్చినా.

కందుకూరు అక్క చెప్పిందే నిజం. రికార్డులో ఉన్నది మా నంబరు కాదు, మాకు సీటు చూపించినాయనది. అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకున్నా. మెంటార్ మేడమ్ కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడింది. ఆమె లెక్కలో పాప విన్నది 262 పీరియడ్లకి 179, ఇంకా 96 ఉన్నాయంట. మాష్టారు గారు చెప్పినట్టు నేనే కాగితం మీద వేసినా. మొత్తం 358 అయితే 269 వినాల, అంటే 90 వినాల, ఆరు పోవచ్చు. మేడమ్ కూడా చూసి సరిపోయింది అనింది. జ్వరం కాగితాలు తీసుకుని, ఫైల్లో పెడతాం, అవసరం రాకుండా చూసుకోమనండి అనింది.

హాస్టల్ రిజిస్టరు కూడా చూపించమన్నా. అందులో అత్యవసరం నంబరు అని మా నాయన పాత సిమ్ నంబరు ఉంది. ఆయన పోయి రెండేళ్ళు, ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. పాపే రాసిందంట, చిన్నప్పుడు కంఠతా పట్టిన నంబరు అదొక్కటే గుర్తుండి. అది కొట్టేసి నాదీ, వాళ్ళమ్మదీ రాయించినా.

పాపతో క్యాంటీన్లో కూర్చుని టీ తాగినా. కాగితం చూపించి, "ఆరు పీరియడ్లమ్మా, అంతే" అన్నా. మడిచి ఐడీ కార్డు వెనక పెట్టుకుంది.

సాయంత్రం బస్సు ఆత్మకూరు దాటినాక నా ఫోన్‌కి మొదటి మెసేజీ వచ్చింది. ఏడు పీరియడ్లు, ఏడూ హాజరు.

ఒంగోలు మాష్టారు:

సంతోషం నాన్నగారూ. రెండో మిడ్ తేదీ మెంటార్ గారిని అడిగి రాసుకున్నారా?

ఉదయగిరి నాన్న:

రాసుకున్నా సార్. క్యాలెండర్‌లో, వార్డెన్ మేడమ్ నంబరు పక్కనే.