సొంత లాభంలో ‘కొంత’ ఎంత?

గేటు బయట:
ఈ గుంపులో పెద్దలు ఒక తగవు తీర్చాలి. ఈ ఏడు మా యాజమాన్యం బోనసు 20 శాతం నుంచి 12కు తగ్గించింది. ఆ కబురు మోసుకొచ్చిన ఉత్తరం అడుగున గురజాడ ‘దేశమును ప్రేమించుమన్నా’ గేయంలోని చరణం: ‘సొంత లాభం కొంత మానుకు పొరుగువారికి తోడుపడవోయ్’. మర్నాడు గేటు దగ్గర యూనియన్ బ్యానరు మీదా అదే చరణం. ఎర్ర గుడ్డ మీద తెల్ల రంగు ఇంకా ఆరలేదు, ‘తోడు’లో కొమ్ము కిందికి కారుతోంది. కాకపోతే అక్కడ ‘పొరుగువాడికి’. నాకు బడిలో చెప్పిందీ ‘వాడికి’ అనే గుర్తు. ఏది సరి? మానుకోవలసింది ఎవరన్నది తర్వాత అడుగుతాను.

లెక్కల మాష్టారు:
గురజాడ ఛందస్సు ముత్యాలసరం కదా, మూడూ నాలుగూ మాత్రల నడక. ‘పొరుగు’ మూడు, ‘వాడికి’ నాలుగు. ‘వారికి’ నాలుగే, ‘వానికి’ నాలుగే. ఛందస్సు ఈ తగవు తీర్చదు. ‘మానుకొని’ అని ఉంటే ఒక మాత్ర ఎక్కువయ్యేది, పట్టుకునేవాణ్ణి.

పాత పుస్తకాల అటక:
‘వాడికి’ తప్ప మరొకటి కాదు. పొరుగువారు అంటే మర్యాద, పొరుగువాడు అంటే మనిషి. యాజమాన్యాలకు బహువచనమంటే ప్రీతి, అందులో తామూ దూరిపోవచ్చు.

లెక్కల మాష్టారు:
ఇది పాఠనిర్ణయం కాదండీ, ఉపన్యాసం.

బొబ్బిలి కోడలు:
వాడికో వారికో కాదు, కిటుకంతా ‘కొంత’లో ఉంది. లాభమే వద్దనలేదు మహానుభావుడు. ఇది సోషలిజమని మా పెదనాన్నగారు కడదాకా వాదించారు. గురజాడ పోయింది 1915లో, రష్యా విప్లవం వచ్చింది 1917లో! పైగా అదే గేయంలో ‘డబ్బు తేలేనట్టి నరులకు కీర్తి సంపదలబ్బవోయ్’ అని కూడా ఉంది. ఆ ముక్క ఏ యూనియన్ బ్యానరు మీదా నేను చూడలేదు.

పాత పుస్తకాల అటక:
సోషలిజం 1917లో పుట్టలేదు తల్లీ, పెదనాన్నగారిని అంత తేలిగ్గా కొట్టేయకండి. ఆ గేయంలోనే దేశి సరుకులు అమ్మమన్నవాడే అమ్మకూడనివి ఏమిటో కూడా చూశాడు. కన్యాశుల్కం 1897 పీఠిక తీయండి. విశాఖపట్నం జిల్లాలో విజయనగరం మహారాజావారు రాయించిన పట్టీ, మూడేళ్ళకు 1034 శుల్కవివాహాలు, అంటే పిల్లకు వెల కట్టి చేసినవి. ఏడాది వయసు పిల్లలు ముగ్గురు, తలకు 350 నుంచి 400 రూపాయలు. లాభమనే మాట వాడేటప్పుడు ఆయనకు ఆ ధరలు గుర్తుండవా?

రెండో వరుస బెంచీ:
అసలు ‘కొంత’ లాభానికి చెందుతుందా, మానుకోవడానికా? లాభంలో కొంత భాగమా, కొంతవరకు మానుకోవడమా? సొంతకు జతగా కొంత పడిందని నా అనుమానం.

పాత పుస్తకాల అటక:
ప్రాస కోసమా! ప్రాస నియమాన్నే పక్కన పెట్టినవాడికి అంత అవసరం ఏమొచ్చింది?

రెండో వరుస బెంచీ:
నియమం పక్కన పెట్టాడు, చెవి పెట్టలేదు కదా.

లెక్కల మాష్టారు:
చెవి అన్నారు కాబట్టి, శ్రీశ్రీ ‘బాటసారి’ పైకి చదవండి. ‘కూటికోసం, కూలికోసం’. అదే నడక, ఏడూ ఏడూ. లాభం ఉన్నచోట కూలి వచ్చి కూర్చుంది. నేను తొమ్మిదో తరగతికి గురజాడను చెప్పిన ప్రతిసారీ దీన్నీ కలిపి చదివించేవాణ్ణి. రెండో చరణానికే బల్లల మీద దరువు మొదలయ్యేది.

గేటు బయట:
నా ప్రశ్న ఎటో పోయింది, అయినా బాగుంది. రేపు చర్చలకు పిలిచారు. ‘కొంత’ ఎంతో గురజాడ చెప్పలేదు గానీ బోనసు చట్టం చెప్పింది: కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20. మరి మాకు వచ్చేది లాభమా, కూలా? కూలే అయితే మానుకోవడానికి మా దగ్గర ‘సొంత లాభం’ ఎక్కడిది?

బొబ్బిలి కోడలు:
ఆ మాట అక్కడే అడగండి, ఉత్తరం చేతిలో పెట్టుకుని. అది సరే మాష్టారూ, అదే గేయంలో ‘జల్డుకొని కళలెల్ల నేర్చుకు’లో డకారమా, దకారమా?

లెక్కల మాష్టారు:
ఏదైనా మూడు మాత్రలేనమ్మా.

పాత పుస్తకాల అటక:
దకారం అన్నవారెవరు? ఉండండి, అటక ఎక్కుతున్నాను.