బుర్రవీణ, బొమ్మల ప్రదర్శన ఒకే హాల్లో: మైకులు ఎలా పెట్టాలి?

మహబూబ్‌నగర్‌లో మా కాలనీ వాళ్లం కలిసి ఒక సాయంత్రం పాటలు, బొమ్మల ప్రదర్శన పెట్టాలనుకుంటున్నాం. గోడల వెంట ఇక్కడి చిత్రకారులు, పిల్లలు వేసిన బొమ్మలు, నారాయణపేట, గద్వాల చీరలు. మధ్యలో కిన్నెర, బుర్రవీణ అనే తీగ వాద్యాలు వాయించేవాళ్లు.

12 మెట్ల కిన్నెరకు దర్శనం మొగిలయ్య గారికి 2022లో, బుర్రవీణకు దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ మన పాలమూరు వాళ్లే. అయినా మా పిల్లల్లో చాలామంది ఈ వాద్యాలను ఎదురుగా చూడనే లేదు. నా బాధ అదే.

అసలు టెన్షన్ సౌండ్‌ గురించే. సొరకాయ బుర్ర కట్టిన వాద్యం కదా, మోత చిన్నగా ఉంటుంది. ఫంక్షన్ హాలు స్పీకర్లలో తీగ వినబడకుండా పోయి గొంతు ఒక్కటే మిగులుతుందేమోనని భయం. బుర్ర దగ్గర ఒక మైకు, పాటకు ఇంకోటి పెడితే చాలా? లేక వాద్యానికే అంటించి దాని మోతను పట్టే చిన్న పరికరం, పికప్, మేలా? జనం బొమ్మలు చూస్తూ మాట్లాడుకుంటే పాటకు అడ్డమవుతుంది, కాబట్టి పాటలకు ముందే చూడనివ్వడం మంచిదని నాకనిపిస్తోంది. మీరేమంటారు?

ఇంకొకటి, దారి ఖర్చులు, భోజనం కాకుండా కళాకారులకు ఎంత ఇస్తే మర్యాదగా ఉంటుంది? శాలువా కప్పి పంపించడం మాకు ఇష్టం లేదు. ఇలాంటివి జరిపినవాళ్లు దయచేసి చెప్పండి.