డబుల్ బ్లాక్‌లో డ్యామేజ్ వరుసను తీసేయడం అడ్డుకునేవారికి అన్యాయమా?

పచ్చదళం:
మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో 2024 నవంబరులో ఫౌండేషన్స్ అనే కార్డుల సెట్‌తో పాటు వచ్చిన నియమ మార్పు మీద సభ్యుల అభిప్రాయం అడుగుతున్నాను. ఒక అటాకర్‌ను, అంటే దాడికి వచ్చిన క్రీచర్‌ను (పోరాడే జీవి కార్డును), రెండు మూడు క్రీచర్లు కలిసి అడ్డుకున్నప్పుడు, దాడి చేసేవారు ఆ బ్లాకర్లను వరుసలో పెట్టి ముందే ప్రకటించాలని, మొదటిదానికి చావుకు సరిపడా డ్యామేజ్ కేటాయించాకే రెండోదాని జోలికి వెళ్ళాలని అంతకుముందు నియమం ఉండేది. ఇప్పుడు ఆ వరుస లేదు, డ్యామేజ్ పడే క్షణంలో తమకు తోచినట్లు పంచుకోవచ్చు. ఎదుటివారి 5/5 క్రీచర్‌ను (ఐదు డ్యామేజ్ చేస్తుంది, ఐదు పడితే చస్తుంది) నా రెండు 3/3 క్రీచర్లతో అడ్డుకున్నాననుకోండి. మంత్రాల ఖర్చుకు మనా ఇచ్చే ల్యాండ్ కార్డుల్లో ఒకటైన ఫారెస్ట్‌ను ట్యాప్ చేయకుండా, అంటే వాడకుండా ఉంచుకున్నాను, చేతిలో క్రీచర్‌కు ఆ వంతు వరకు +3/+3 ఇచ్చే జెయింట్ గ్రోత్ మంత్రం ఉంది. పాత పద్ధతిలో, వరుసలో మొదట నిలిపిన క్రీచర్ మీద దాన్ని వేస్తే అది 6/6 అయ్యేది, ఐదు డ్యామేజ్ మొత్తం దాని మీదే ఖర్చయ్యేది, నావి రెండూ బతికేవి. ఇప్పుడు ఎదుటివారు ఆ డ్యామేజ్‌ను రెండోదాని వైపు తిప్పి దాన్ని చంపేస్తారు. ఇది అన్యాయమని నా వాదన.

రెండోవరుస:
అటాకర్ ఎలాగూ చస్తుంది కదా, ఇంకేం కావాలి?

పచ్చదళం:
అసలు మంత్రమే వేయకపోయినా అటాకర్ చస్తుంది, నా క్రీచర్ ఒకటి పోతుంది. మంత్రం వేసినా ఇప్పుడు అదే ఫలితం. అంటే ఒక కార్డు, ఒక మనా బూడిదలో పోసిన పన్నీరు అయినట్లే.

మంత్రదండం:
ఆ వరుస ఆటతో పుట్టినదన్నట్లు మాట్లాడుతున్నారు. ఆట 1993లో వచ్చింది, వరుస నియమం 2009లో మ్యాజిక్ 2010 నియమాలతో వచ్చింది. అంతకుముందు కేటాయించిన డ్యామేజ్ స్టాక్ మీద (మంత్రాలు ఫలించేలోపు వేచి ఉండే చోట) నిలిచి ఉండేది, అది పడేలోపు ఇద్దరూ మంత్రాలు వేసుకునేవారు. దాన్ని తీసేసిన చోట అతుకు వేసినట్లు ఈ వరుసను తెచ్చారు. పదిహేనేళ్ళ తరువాత అతుకు ఊడిందని ఇంత బాధ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. పైగా ట్యాప్ చేయని ఫారెస్ట్‌ను ఖర్చుగా లెక్కపెడుతున్నారు. అదే 2009లో మనా బర్న్ కూడా పోయింది కాబట్టి, వాడని మనా వల్ల మీకు జరిగే నష్టం ఏమీ లేదు.

పచ్చదళం:
మీరు చెప్పిన చరిత్రే నాకు సాక్ష్యం. స్టాక్ రోజుల్లో డ్యామేజ్ ఎక్కడ పడబోతోందో తెలిశాకే అడ్డుకునేవారు మంత్రం వేసేవారు, వరుస రోజుల్లోనూ చాలావరకు తెలిసేది, ఇప్పుడే బొత్తిగా తెలియకుండా పోయింది. ఇక మనా బర్న్ అనేది ల్యాండ్ నుంచి తీసి వాడకుండా వదిలిన మనాకు పడే శిక్ష, ట్యాప్ చేయని ల్యాండ్‌కు దానితో సంబంధమే లేదు. నా ఖర్చు వేరు. నా వంతులో ఆ ఫారెస్ట్‌తో ఒక క్రీచర్‌ను దింపి ఉండేవాణ్ణి, దింపలేదు.

మంత్రదండం:
వాడని మనాకు శిక్ష లేదనే నేనూ అన్నాను.

పచ్చదళం:
ట్యాప్ చేయని ల్యాండ్‌లో మనా ఉండదు. ఆ తేడానే చెబుతున్నాను.

నిశాచరి:
మీరిద్దరూ ఇలా వాదించుకుంటున్నారు కానీ, అరవై కార్డుల డెక్‌లో ఇరవై నాలుగు ల్యాండ్లు పెట్టుకున్న నాకు మొన్నటి పోటీలో వరసగా మూడు ఆటల్లో రెండేసి ల్యాండ్లే వచ్చాయి. డబుల్ బ్లాక్ చేయడానికి ముందు బల్ల మీద రెండు క్రీచర్లు ఉండాలి కదా.

మంత్రదండం:
నియమం మారితే ఎత్తు మార్చుకోవాలి. ఒకే 3/3తో అడ్డుకుని జెయింట్ గ్రోత్ వేస్తే అది 6/6 అవుతుంది, 5/5ను చంపుతుంది, తానూ బతుకుతుంది. రెండో క్రీచర్‌ను అనవసరంగా ముందుకు తోయడం మీ పొరపాటు.

పచ్చదళం:
ఒక్క 3/3 వెళ్ళి 5/5 ఎదుట నిలబడి, పక్కన ఫారెస్ట్ ఖాళీగా ఉంటే, చేతిలో ఏదో ఉందని ఆట నేర్చుకుంటున్నవారికి కూడా తెలిసిపోతుంది. రెండింటితో అడ్డుకుంటే మంత్రం లేకపోయినా లెక్క సరిపోతుంది కాబట్టి అనుమానం రాదు. నియమాలు చదవడానికి బద్ధకించేవారి కోసం ఈ మెళకువను పాడుచేశారు.

మంత్రదండం:
ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను చదివాను. ఒక పోటీలో దాడి చేసి, వరుస గట్టిగా చెప్పడం మరిచాను. ఎదుటివారు తన ఎడమచేతి వైపు ఉన్న క్రీచరే మొదటిదని తానే అనేసుకుని, దాని మీద మంత్రం వేసి, వరుస అదేనని పట్టుబట్టారు. ఆ ఆటతో పోటీ నుంచి బయటికి వచ్చాను. ఏడాది పాటు కార్డులు ముట్టుకోలేదు.

పచ్చదళం:
అది ఆ మనిషి తీరు. నియమాన్ని తప్పుపట్టడం ఎందుకు?

మంత్రదండం:
మనిషి తీరు బాగుంటేనే సరిగా నడిచే నియమాన్ని పోటీలో ఎందుకు పెట్టుకోవాలి? సూటిగా అడుగుతున్నాను, మీకు కావలసింది న్యాయమా, లేక నా నిర్ణయం నా నోటితో ముందే చెప్పించి, దాన్ని బట్టి మంత్రం వేసుకునే సౌకర్యమా?

పచ్చదళం:
ఆ సౌకర్యమే కావాలి, దాచను. ఒక వంతు వెనకబడి, ల్యాండ్‌ను ఖాళీగా ఉంచి నేను కొనుక్కున్నది అదే. దాడి చేసేవారు తమ మనా అంతా క్రీచర్ల మీద పెట్టి బలంగా వస్తారు. నిగ్రహించుకున్నవారికి చివరి మాట దక్కాలి.

మంత్రదండం:
ఆ ల్యాండ్‌తో మీరు కొన్నది ఒక మంత్రం, నా మనసులోని మాట కాదు. దాడికి దిగేవారు ఎదుటి చేతిలో ఏముందో తెలియకుండానే క్రీచర్‌ను పంపుతున్నారు. అడ్డుకునేవారు కూడా అలాగే కొంత తెలియకుండానే మంత్రం వేయాలి. ఇక్కడ మన లెక్కలు ఎప్పటికీ కలవవు.

పచ్చదళం:
కలవవు. కానీ ఇంతసేపూ మీరు మనా బర్న్ గురించి మాట్లాడారు.

తొలిడెక్:
మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. ట్రాంపుల్, డెత్‌టచ్ రెండూ ఉన్న 5/5ను రెండు క్రీచర్లు అడ్డుకుంటే ఏమవుతుంది?

పచ్చదళం:
డెత్‌టచ్ వల్ల ఒక్కొక్కదానికి ఒక డ్యామేజ్ చాలు. చెరొకటి ఇచ్చి, మిగిలిన మూడూ ట్రాంపుల్ వల్ల ఆటగాడికి పంపవచ్చు. బ్లాకర్లందరికీ చావుకు సరిపడా ఇచ్చాకే ట్రాంపుల్ డ్యామేజ్ దాటిపోతుందన్న నియమం మారలేదు.

మంత్రదండం:
సరిగ్గా చెప్పారు.

నిశాచరి:
ఇరవై నాలుగు చాలకపోతే ఇరవై ఐదు పెట్టమంటారా, ఆ ఒక్కటి ఎవరైనా చెప్పండి.