బెన్నీ మోటెన్ 1923 ఓకే రికార్డులకు సరైన వేగం ఎంత?

అమెరికాలోని కాన్సాస్ సిటీ జాజ్ బ్యాండ్ నాయకుడు, పియానిస్టు బెన్నీ మోటెన్ 1923 సెప్టెంబరులో ఓకే (OKeh) అనే రికార్డు కంపెనీకి ఇచ్చిన తొలి పాటలను లక్క డిస్కుల నుంచి డిజిటల్‌లోకి ఎక్కించాలి. 3 మిల్ (అంగుళంలో వెయ్యింట మూడో వంతు) సూది వాడుతున్నాను. ఎల్పీ సూది అయితే గాడి అడుగున దొర్లి చప్పుడే ఎక్కువ పట్టుకుంటుంది. కడగడానికి ఆల్కహాల్ వాడలేదు, లక్క కరిగిపోతుంది కదా. ఇవి మైకు లేకుండా బూరాతో పట్టినవి కాబట్టి ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ (ఎల్పీలకు వాడే హెచ్చు, తగ్గు స్థాయిల సవరణ) కూడా తీసేశాను.

చిక్కంతా వేగంతోనే. ఆ రోజుల్లో నిమిషానికి 78 చుట్లు అన్నది పేరుకే. వేగం దాదాపు 6 శాతం మారితే శ్రుతి అర మెట్టు మారుతుంది, అంటే 78కీ 82.6కీ మధ్య ఒక అర మెట్టు. 78 దగ్గర శ్రుతి పియానోలో పక్కపక్కనున్న రెండు స్వరాలకు సరిగ్గా నడుమ పడితే 80.3కి పెంచాలా, 75.8కి దించాలా? కార్నెట్, క్లారినెట్ వాళ్లకు సులువని బి ఫ్లాట్, ఈ ఫ్లాట్ శ్రుతుల వైపు మొగ్గాలనిపిస్తోంది. కానీ ఆ పియానోనే నేటి ప్రమాణమైన 440 హెర్ట్జ్‌కి శ్రుతి చేసి ఉండకపోతే ఈ లెక్కంతా తప్పుతుంది.

1926 చివరి నుంచి 1932 దాకా మోటెన్ విక్టర్ కంపెనీకి ఇచ్చినవి మైకుతో పట్టిన ఎలక్ట్రికల్ రికార్డింగులు, వాటితో ఇంత పేచీ లేదు. ఓకే డిస్కులకు వేగం తేల్చిన అనుభవం ఉన్నవాళ్లు ఏ ఆధారంతో తేల్చారో చెప్పగలరా?