1918 ఫ్లూ నాటి మరణాల రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. మా ముత్తాత జాతకాల పుస్తకంలో కాళయుక్తి ఆశ్వయుజం కింద, అంటే 1918 అక్టోబరులో, ఒకే ఇంట్లో మూడు మరణాలు రాసి ఉన్నాయి. ముగ్గురూ ముప్పై దాటనివాళ్లే. ఆ ఫ్లూ జూన్‌లో బొంబాయిలో దిగి, రెండో విడతలోనే ఎక్కువమందిని, అదీ వయసులో ఉన్నవాళ్లను తీసుకుపోయింది. కరోనా కూడా రెండో వేవ్‌లోనే, 2021 ఏప్రిల్, మే నెలల్లో, మమ్మల్ని బాగా దెబ్బకొట్టింది. కాకపోతే అందులో పెద్ద వయసువాళ్లకే ముప్పు ఎక్కువ. ఈ రెంటినీ మా ఊరి లెక్కలతో పోల్చి చూడాలని గట్టిగా ఉంది.

అప్పట్లో కందుకూరు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 1970లో ప్రకాశంలోకి వెళ్లింది. మరి ఆనాటి జనన మరణాల రిజిస్టర్లు నెల్లూరులో వెతకాలా, ఒంగోలులోనా, చెన్నై ఆర్కైవ్స్‌కే పోవాలా? చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.