బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకు, సర్వీసు సెంటర్ మాత్రం బ్యాలెన్సింగే అంటోంది

భీమవరం: ఈ కంపెనీ కారు తప్ప వేరేది కొనని ఇల్లు మాది. 80 స్పీడులో బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. వెళ్లిన ప్రతిసారీ వీల్ బ్యాలెన్సింగ్ చేసి బిల్లు ఇస్తున్నారు, వణుకు పోలేదు. ఇంత అభిమానానికి ఇదా మర్యాద? ఏం అడగాలండి?

అమలాపురం: బ్రేకు వేసినప్పుడే వణికితే తప్పు బ్యాలెన్సింగ్‌ది కాదండి, ముందు చక్రాల బ్రేకు డిస్కులు చూడాలి. డయల్ గేజ్ పెట్టి రనౌట్, అంటే డిస్కు తిరిగేటప్పుడు పక్కలకు ఎంత ఊగుతోందో కొలవమనండి. చాలా కార్లకు 0.05 మిల్లీమీటర్ల దగ్గరే హద్దు, మీ మోడల్ లెక్క సర్వీసు మాన్యువల్లో ఉంటుంది. మన ఉప్పుగాలికి డిస్కు కూర్చునే హబ్బు మీద తుప్పు పేరుకుంటుంది. దాన్ని వైరుబ్రష్‌తో గీకకుండా కొత్త డిస్కు బిగించినా వంకరగానే కూర్చుంటుంది. చక్రం నట్లు గాలి గన్నుతో బాదకుండా, బిగువు కొలిచే టార్క్ రెంచితో, ఎదురెదురుగా బిగించాలి. బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పిన్నులు పట్టేశాయేమో కూడా చూడమనండి. డిస్కు కనీస మందం దాని అంచు మీదే చెక్కి ఉంటుంది, అంతకన్నా తగ్గితే లేత్ పట్టించి సాపు చేయించొద్దు, మార్చడమే.

పాలకొల్లు: సర్వీసు సెంటర్ వాళ్లు ఫిర్యాదు రాసుకునే జాబ్ కార్డులో "వణుకు" అని ఊరుకోకండి. "80లో బ్రేకు వేస్తేనే స్టీరింగ్ వణుకుతోంది" అని రాయించి, ఫోర్‌మన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించండి. కొలతలు కాగితం మీద తీసుకోండి, మార్చిన పాత సామాను అడగండి.

భీమవరం: అప్పటికీ వినకపోతే?

పాలకొల్లు: కంపెనీ కస్టమర్ కేర్‌కి జాబ్ కార్డులన్నీ జతచేసి మెయిల్ పెట్టండి. తర్వాత 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే గడువు 2 ఏళ్లు, ఆయ్, బిల్లులు పారేయకండి.