సాల్ట్ లేక్ స్టేడియం: దాని చరిత్ర, అక్కడికి చేరే దారి

గోదావరి అభిమాని:
ఒకే నగరపు ప్రత్యర్థులైన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్ల మధ్య జరిగే డెర్బీని కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలోనే చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి హౌరాలో దిగుతాను. అక్కడి నుంచి ఎలా వెళ్లాలో, ఆ మైదానం కథ ఏమిటో వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పగలరు.

పాత గ్యాలరీ:
అక్కడివారు దానిని యువభారతి అంటారు; వివేకానంద యువభారతి క్రీడాంగణ్ అన్నది అధికారిక నామం. 1984 జనవరిలో నెహ్రూ గోల్డ్ కప్‌తో అది మొదలైంది. ఉద్యోగరీత్యా ఆ ఊళ్లో ఉన్న రోజుల్లో, 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు వెళ్లాను. ఆనాటి ప్రేక్షకుల లెక్క 1,31,781. కుర్చీలు లేని సిమెంటు మెట్ల మీద, వెనకవారి మోకాళ్లు మన వీపుకు తగులుతుంటే, కాళ్లు చాపుకునే చోటైనా లేకుండా కూర్చున్నాం. కోచ్ అమల్ దత్తా, ఆటగాళ్లను వజ్రం ఆకారంలో నిలిపే తన డైమండ్ వ్యూహంతో మోహన్ బగాన్‌ను నడిపిస్తున్న కాలం అది; అయినా బైచుంగ్ భూటియా మూడు గోల్స్ కొట్టడంతో ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ఆట ముగిశాక బస్సు దొరక్క ఉల్టాడాంగా వరకు నడిచాను. దారి పొడవునా ఈస్ట్ బెంగాల్ వారి ఎరుపు, పసుపు జెండాలే.

గ్రీన్ లైన్:
అభిమాని గారూ, ఇప్పుడు ఆ నడక అవసరం లేదు. సెక్టార్ ఫైవ్ నుంచి సాల్ట్ లేక్ స్టేడియం వరకు మెట్రో 2020 ఫిబ్రవరిలోనే వచ్చినా, హౌరాలో దిగినవారికి చాలాకాలం అది అక్కరకు రాలేదు. 2025 ఆగస్టులో ఎస్ప్లనేడ్, సియాల్దా మధ్య మిగిలిన భాగం కూడా తెరుచుకోవడంతో, హౌరా స్టేషన్‌ను ఆనుకుని ఉన్న మెట్రోలో ఎక్కి, హుగ్లీ నది అడుగు నుంచి సాగి, రైలు మారకుండానే స్టేడియం దగ్గర దిగవచ్చు. ఫూల్‌బాగాన్ దాటాక రైలు సొరంగం వదిలి వెలుగులోకి వస్తుంది. ఆ తర్వాత వచ్చేదే మీరు దిగాల్సిన స్టేషన్.

మధ్యవరుస:
2017లో అండర్-17 ప్రపంచ కప్ ఫైనల్ చూశాను. ఆ పోటీల కోసం కృత్రిమ పచ్చికను తీసి సహజమైన గడ్డి పెంచారు, మెట్ల స్థానంలో విడివిడి కుర్చీలు వేశారు. అందువల్ల ఆ రోజు పట్టినవారు 66,684 మందే. స్పెయిన్ రెండు గోల్స్ ముందున్నా ఇంగ్లండ్ 5-2తో గెలిచింది. కూర్చోవడం హాయిగా ఉన్న మాట నిజమే కానీ, పాత గ్యాలరీ గారు చెప్పిన ఆ లక్ష గొంతుల హోరును వినలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

గ్రీన్ లైన్:
మరొక్క మాట. వెళ్లడం కంటే తిరిగి రావడమే కష్టం. తిరుగు ప్రయాణానికి మెట్రో కార్డులో డబ్బు ముందే వేయించుకోండి, ఆఖరి రైలు వేళ కనుక్కోండి. మైదానం చుట్టుకొలత పెద్దది కాబట్టి టికెట్ మీది గేటు సంఖ్య చూసుకుని, గంటన్నర ముందే చేరుకోండి. ఒకసారి నేను ఎదురు దిక్కున ఉన్న గేటుకు వెళ్లి, చుట్టూ తిరిగి వచ్చేసరికి మొదటి గోల్ పడిపోయింది.

గోదావరి అభిమాని:
అందరికీ కృతజ్ఞతలు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే అక్కడివారు ఇలిశ్ చేప వండుకుంటారని విన్నాను. అది మన పులసే కాబట్టి నేను ఆ పక్షానే కూర్చుంటాను.